జూట్ మిల్లు మూతపడిన ఊరికి కెనడా చిన్న పట్టణాల దారి పనికివస్తుందా?

ప్రశ్న
చంపావతి ఒడ్డు, విజయనగరం జిల్లా

మాది విజయనగరం జిల్లాలో జూట్ మిల్లు చుట్టూ పెరిగిన ఒక చిన్న పట్టణం. ఊరి పేరును, మిల్లు పేరును కావాలనే రాయడం లేదు. ఒక యాజమాన్యం తప్పొప్పులను తేల్చడం నా ఉద్దేశం కాదు. పైగా నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, సాలూరు ప్రాంతాల వారిలో చాలామందికి ఇది తమ ఊరి సంగతిలాగే అనిపించవచ్చు. ఒకప్పుడు మూడు షిఫ్టులు నడిచిన మిల్లు ముందు రెండుకు, తర్వాత ఒకదానికి తగ్గి, లాకౌట్లు, చర్చలు, కొన్నాళ్లు తెరవడాలు, మళ్లీ లాకౌట్లు అన్నీ అయిన తర్వాత ఇప్పుడు గేటుకు తాళంతో మిగిలింది. కారణాలు ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినవే: ప్లాస్టిక్ సంచుల పోటీ, బంగ్లాదేశ్ నుంచి చౌకగా వచ్చే సరుకు, దశాబ్దాలుగా మార్చని యంత్రాలు, మన జిల్లాల్లో తగ్గుతూ వచ్చిన గోగు సాగు. ఆహారధాన్యాలకూ పంచదారకూ జనపనార సంచులే వాడాలని కేంద్రం 1987లో చట్టం చేసింది, బంగ్లాదేశ్ సరుకు మీద 2017లో చౌక దిగుమతులను అడ్డుకునే యాంటీ డంపింగ్ సుంకం కూడా వేసింది. అయినా మా గేటు తెరుచుకోలేదు.

మిల్లు ఆగిన వెంటనే ఊరు ఖాళీ కాలేదు. నెలజీతాలను నమ్ముకున్న చీటీలు, వాయిదాల దుకాణాలు, టిఫిన్ హోటళ్లు ముందుగా మందగించాయి. ఆ తర్వాత కుర్రాళ్లు విశాఖపట్నానికీ హైదరాబాదుకూ చెన్నైకీ తరలిపోయారు. నలభై దాటి, నార యంత్రం తప్ప వేరే పని చేతికి అలవాటు లేనివారు అపార్ట్‌మెంట్ల దగ్గర కాపలాకు కుదిరారు, కాస్త పొదుపు ఉన్నవారు ఆటో కొనుక్కున్నారు. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం పేరు మీద చుట్టుపక్కల భూముల ధరలు పెరగడంతో, మిల్లు స్థలంలో ప్లాట్లు వేస్తే ఊరు బాగుపడుతుందని కొందరూ, అక్కడే నైపుణ్య శిక్షణ కేంద్రం పెట్టాలని కొందరూ, రామతీర్థం వచ్చే యాత్రికులను ఇటు మళ్లించవచ్చని మరికొందరూ అంటున్నారు.

ఇటీవల మా యువజన సంఘం సమావేశంలో ఒక మిత్రుడు కెనడాలోని షమేనస్ అనే ఊరి సంగతి చెప్పాడు. రంపపు మిల్లు మూతపడితే ఆ ఊరివారు గోడల మీద తమ చరిత్రను బొమ్మలుగా వేయించుకొని, వాటిని చూడటానికి వచ్చే జనంతో బతికి బట్టకట్టారట. వినడానికి బాగుంది. కానీ నాకు అనుమానాలు ఉన్నాయి. అలా నిలదొక్కుకున్న ఊళ్లలో ఉద్యోగం పోయిన కార్మికుడికి నిజంగా ఏమి దక్కింది, లేక ఊరు బాగుపడి మనుషులు మారిపోయారా? డబ్బు ఎవరు పెట్టారు? మరీ ముఖ్యంగా, మిల్లు మూతపడటానికీ కొత్త పని మొదలవడానికీ మధ్య కాలాన్ని వారు ఎలా గడిపారు? కెనడా గురించి ప్రత్యక్షంగా తెలిసినవారూ, మన జిల్లాల్లో ఇటువంటి మూతలను దగ్గరగా చూసినవారూ రాస్తే మా సమావేశాల్లో వినియోగించుకుంటాము.


జవాబు
రాజాం వాసి, ప్రస్తుతం సడ్‌బరీ, అంటారియో

చంపావతి గారూ, షమేనస్ కథ నిజమే, అయితే మీ మిత్రుడు చెప్పిన వరుసలో ఒక ముఖ్యమైన విషయం జారిపోయింది. వాంకూవర్ ద్వీపంలోని ఆ ఊరిలో 1862 నుంచి రంపపు మిల్లు ఉంది. పాత మిల్లు 1983లో మూతపడింది. గోడబొమ్మలు మాత్రం 1982లోనే మొదలయ్యాయి. బజారు వీధిని బాగుచేసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వ పథకం కింద వచ్చిన డబ్బు అప్పటికే చేతిలో ఉండటం వల్ల, రుమేనియాలో గోడల మీద చిత్రాలున్న పాత మఠాలను చూసివచ్చిన కార్ల్ షుట్జ్ అనే స్థానిక వ్యాపారి తన ఆలోచనను ఊరి ముందు పెట్టగలిగాడు. మొదటి ఏడాది ఐదు బొమ్మలు వేశారు, ఇప్పుడు నలభైకి పైగా ఉన్నాయి, 1993లో నాటకశాల కూడా వచ్చింది. అంటే దెబ్బ తగిలిన తర్వాత తడుముకుంటూ వెతికిన ఉపాయం కాదు అది. దెబ్బ తగలబోతుందని తెలిసిన రోజుల్లోనే మొదలుపెట్టిన పని. దానితోపాటు 1985లో అదే స్థలంలో కొత్త మిల్లు తెరిచారు, కాకపోతే చాలా తక్కువమందితో. కాబట్టి బొమ్మలు మిల్లు స్థానాన్ని భర్తీ చేశాయనడం కంటే, చిన్నదైపోయిన మిల్లుకు పక్కన ఇంకొక ఆదాయాన్ని నిలబెట్టాయనడం సరైనది. సందర్శకుల మీద నడిచే టీ దుకాణాల, బహుమతి వస్తువుల దుకాణాల జీతం, కార్మిక సంఘం ఉన్న రంపపు మిల్లు జీతానికి ఎక్కడా సరిపోదు. అందులోనూ వేసవి నెలల్లోనే గిరాకీ.

నాకు దగ్గరగా తెలిసినది ఎలియట్ లేక్. నేను ఉన్న సడ్‌బరీ నుంచి పడమరగా సుమారు 160 కి.మీ. దూరంలో ఉంటుంది. 1950లలో యురేనియం కోసం అడవిలో కట్టిన పట్టణం అది. పేరుకు పట్టణమే కానీ గనుల కంపెనీలే ఇళ్లు కట్టాయి. అక్కడి యురేనియాన్ని కొనే అంటారియో ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఒప్పందాలను తగ్గించుకోవడంతో 1990 నుంచి గనులు ఒక్కొక్కటిగా ఆగిపోయి, 1996లో చివరిది మూతపడింది. అప్పుడు ఊరిలో మిగిలిన పెద్ద ఆస్తి గని కాదు, ఖాళీ ఇళ్లు. ఆ ఇళ్లను, అపార్ట్‌మెంట్లను కంపెనీల నుంచి లాభాపేక్ష లేని ఒక స్థానిక సంస్థ చేతికి తీసుకొని, టొరంటో వంటి చోట్ల ఉద్యోగ విరమణ చేసిన వృద్ధులకు తక్కువ అద్దెకు ఇస్తామని దేశమంతా ప్రకటనలు వేసింది. సరస్సులు, ఆసుపత్రి, తక్కువ అద్దె. పింఛనుదారులకు ఇంకేమి కావాలి? వేల మంది వచ్చారు. గని కార్మికుడి జీతం పోయిన చోట పింఛను ఊరిలోకి నెలనెలా ప్రవహించింది. నా దృష్టిలో కెనడా చిన్న పట్టణాలు చేసిన పనులన్నిటిలో ఇది తెలివైనది, ఎందుకంటే లేని దానిని సృష్టించడానికి పోకుండా ఉన్న దానికి కొత్త కొనుగోలుదారును వెతికారు.

అయితే దీని రెండో ముఖం కూడా చూడాలి. వృద్ధుల ఊరిగా మారిన తర్వాత పిల్లల సంఖ్య తగ్గింది, బడులు పలచబడ్డాయి, గనుల్లో పనిచేసిన కుటుంబాలలో అధికభాగం ఎప్పుడో వేరే గనులకు వెళ్లిపోయాయి. పాత కట్టడాల మరమ్మతుకు పన్నుల ఆదాయం చాలేది కాదు. ఊరి గ్రంథాలయం, హోటలు, కార్యాలయాలు అన్నీ ఒకే వాణిజ్య సముదాయంలో ఉండేవి. పైకప్పు మీద కార్లు నిలిపే ఆ భవనం మొదటినుంచీ నీరు కారుతూనే ఉంది, ఎవరూ పూర్తిగా బాగుచేయలేదు. 2012 జూన్ 23న ఆ కప్పు కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. గని వ్యర్థాలను నీటి కింద ఉంచి నేటికీ కాపలా కాస్తున్నారు. పరిశ్రమ వెళ్లిపోయినా దాని ఖర్చు ఊరి దగ్గరే ఉండిపోతుందని ఇక్కడివారికి బాగా తెలుసు.

ఒక వింత కూడా చెబుతాను. బ్రిటిష్ కొలంబియా తీరంలో కిట్సాల్ట్ అనే మాలిబ్డినం గని ఊరు ఉంది. ఇళ్లు, ఆసుపత్రి, కొలను సహా సర్వాంగసుందరంగా కట్టిన కొద్దికాలానికే, 1982లో, ధర పడిపోయి మూతపడింది. ఇరవై ఏళ్ల తర్వాత భారత సంతతి వ్యాపారి ఒకరు ఊరిని మొత్తంగా కొన్నారు. గడ్డి కోయిస్తున్నారు, ఇళ్లు బాగానే ఉన్నాయి, ఉండేవారే లేరు.


జవాబు
వంశధార మాష్టారు, శ్రీకాకుళం

అర్థశాస్త్రం బోధించి విరమణ పొందినవాడిని కాబట్టి నా దృష్టి వేరే చోటికి పోతుంది. మన శ్రీకాకుళం తీరంలోని మత్స్యకార గ్రామాల వారికి మిల్లు ఊరి కంటే కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ అనుభవం దగ్గరగా ఉంటుంది. అక్కడ శతాబ్దాలుగా కాడ్ చేప మీద బతికిన ఊళ్లు వందలు. 1968లో ఉత్తర కాడ్ పట్టు సుమారు 8 లక్షల టన్నులకు చేరింది. దూరదేశాల పెద్ద ట్రాలర్లు, ఆ తర్వాత కెనడా సొంత ట్రాలర్లు సముద్రాన్ని ఊడ్చిన ఫలితంగా చేప దాదాపు అంతరించింది. 1992 జూలై 2న కేంద్ర మంత్రి జాన్ క్రాస్బీ వేటను నిషేధించారు. ఆయనా న్యూఫౌండ్‌లాండ్ వాడే. వేటగాళ్లు, చేపల శుద్ధి కేంద్రాల కార్మికులు కలిపి సుమారు 30 వేల మంది పని ఒక్కసారిగా ఆగింది. రెండేళ్ల నిషేధమన్నది 2024 వరకు కొనసాగింది.

చంపావతి గారు అడిగిన మధ్యకాలం ప్రశ్నకు ఇక్కడ సమాధానం ఉంది. కెనడా ప్రభుత్వం మొదట రెండేళ్లు ఒక పథకం కింద, 1994 నుంచి 1998 వరకు 190 కోట్ల డాలర్ల మరో పథకం కింద ఆ కుటుంబాలకు నెలసరి భృతి ఇచ్చి, వేరే పనులు నేర్పించే ప్రయత్నం చేసింది. శిక్షణలు పెద్దగా ఫలించలేదనే విమర్శ ఉంది. ఉద్యోగమే లేని ఊరిలో ఏ ఉద్యోగానికి శిక్షణ? చివరికి యువకులు అల్బర్టా చమురు ఇసుక గనులకు వెళ్లారు, కొన్ని వారాలు అక్కడ పని, కొన్ని వారాలు ఇంటి దగ్గర. మన మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదకు నెలల తరబడి వెళ్లిరావడం లాంటిదే ఇది, అయితే అక్కడివారికి విమాన ఛార్జీలు కంపెనీ ఇస్తుంది, మనవారు సరిహద్దు దాటిన నేరానికి పాకిస్తాన్ జైళ్లలో కూడా ఉండి వచ్చారు. ఇంత తేడా ఉన్నప్పటికీ ఒక సంగతి సమానం: భృతి కుటుంబాన్ని బతికిస్తుంది, ఊరిని నిలపదు.

ఊరిని నిలిపిన ఉదాహరణగా అక్కడి ఫోగో ద్వీపాన్ని అందరూ చెబుతారు. జనాభా 2 వేల పైచిలుకు. అక్కడ ఒక మత్స్యకారుడి ఇంట్లో పుట్టి, ఆప్టికల్ ఫైబర్ పరిశ్రమలో పెద్ద ఉద్యోగం చేసి బాగా సంపాదించిన జీటా కాబ్, సోదరులతో కలిసి షోర్‌ఫాస్ట్ అనే ధార్మిక సంస్థను పెట్టింది. మొదట పిల్లల చదువుకు ఉపకార వేతనాలు ఇచ్చిందట. మా పిల్లలు ఊరు విడిచి వెళ్లడానికే కదా మీరు డబ్బిస్తున్నారు అని ఊరివారొకరు అడిగారని ఆమే పలు సభల్లో చెప్పింది. ఆ తర్వాత 2013లో సముద్రపు రాళ్ల మీద 29 గదుల అతిథిగృహం తెరిచారు. రాత్రికి అద్దె వేల డాలర్లలో ఉంటుంది. ఆ గదుల్లోని కుర్చీలు, బొంతలు ద్వీపంలోని వారే చేతితో చేస్తారు, మిగులు ఏదైనా ఉంటే యజమానుల జేబుకు పోకుండా తిరిగి ద్వీపం పనులకే వస్తుంది.

దీనిని మెచ్చుకుంటూనే ఇద్దరు ముగ్గురు విద్యార్థులు నన్ను అడిగే ప్రశ్నను ఇక్కడ పెడతాను: మన దగ్గర అటువంటి ధనిక బిడ్డ ఉన్నదా? అది అసలు ప్రశ్న కాదు. ఫోగో నిలబడటానికి అతిథిగృహం కంటే చాలా ముందే కారణం ఉంది. 1960లలో అక్కడి ప్రభుత్వం చిన్న దీవుల వారిని పెద్ద ఊళ్లకు తరలించాలని ఒత్తిడి చేసినప్పుడు, ఫోగో వారు కదలకుండా 1960ల చివర సహకార సంఘం పెట్టుకొని సొంత పడవలు కట్టుకున్నారు, చేపల శుద్ధి కేంద్రాలను తామే నడిపారు. కాడ్ పోయిన తర్వాత ఆ సంఘం పీతలు, రొయ్యల మీదకు మళ్లింది. అతిథిగృహం వచ్చిందీ సొంత సంఘం ఉన్న ద్వీపానికే. ఆ సంఘం నేటికీ ద్వీపానికి పెద్ద ఆధారం. మన దగ్గర పలాస జీడిపప్పు పరిశ్రమను చూడండి. వందలాది చిన్న కార్ఖానాలు, గింజ కొట్టడం, పొట్టు తీయడం చేసే వేలాది మహిళలు. ఒక యజమాని తాళం వేసినంత మాత్రాన పలాస ఆగదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలకూల్చినప్పుడు కూడా విదేశాల నుంచి గింజ తెప్పించుకొని నడిచింది. సాలూరు లారీల వ్యాపారం కూడా అలాగే ఏ పథకమూ లేకుండా మనుషుల చేతి పనితనం మీద పెరిగింది. ఒకే గేటు మీద ఆధారపడిన ఊరికీ వంద గేట్లున్న ఊరికీ తేడా అక్కడే.


జవాబు
గోగునార, విజయనగరం

నేను జూట్ మిల్లులో పనిచేసి, కార్మిక సంఘం బాధ్యతలు చూసినవాడిని. పైన రాసిన ఇద్దరూ ఎంతో సమాచారం ఇచ్చారు, కానీ కెనడాకూ మనకూ మధ్య ఉన్న అసలు తేడా ఇంకా ఎవరూ చెప్పలేదు. అక్కడ మిల్లు మూతపడుతుంది. ఇక్కడ మూతపడదు, లాకౌట్‌లో ఉంటుంది.

చట్టప్రకారం మూసివేతకు వెళ్లాలంటే 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కింద 100 మంది లేదా అంతకు మించి కార్మికులున్న ఫ్యాక్టరీ ప్రభుత్వ అనుమతి తీసుకోవలసి ఉండేది, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం కట్టవలసి ఉండేది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ సంఖ్యను 300కు పెంచింది. లాకౌట్‌కు అటువంటి లెక్క వెంటనే రాదు. అందువల్ల మన వైపు ఎన్నో మిల్లుల్లో ఏళ్ల తరబడి తాళం ఉంటుంది, కానీ కాగితం మీద ఫ్యాక్టరీ బతికే ఉంటుంది, కార్మికుడు కాగితం మీద ఉద్యోగే. అతనికి జీతం లేదు, పరిహారమూ లేదు. గ్రాట్యుటీ కోసం తిరుగుతుంటాడు. ప్రతి సంక్రాంతికి ముందూ తెరుస్తారన్న మాట వినబడుతుంది, ఆ మాట నమ్మి వేరే ఊరు వెళ్లనివారు ఉన్నారు. అంటారియోలో 500 మందికి పైగా కార్మికులను ఒకేసారి తొలగిస్తే 16 వారాల నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత నిరుద్యోగ బీమా వస్తుంది. బ్రిటిష్ కొలంబియాలోని కింబర్లీ అనే ఊరిలో సీసం, జింకు తీసే సల్లివన్ గని 1909 నుంచి నడిచి 2001 డిసెంబరులో ఆగిపోయిందని చదివాను; గనిలో ఖనిజం ఎన్నేళ్లు వస్తుందో ముందే తెలిసి, 1970లలోనే ఊరు వేరే దారులు వెతికింది. తేదీ తెలిస్తే మనిషి ఏదో ఒకటి చేసుకుంటాడు. తేదీ తెలియకపోవడమే మా శిక్ష.

కెనడాను మరీ ఆకాశానికెత్తవద్దు. క్వెబెక్‌లో ఆస్బెస్టాస్ అనే పేరుతోనే ఒక ఊరు ఉండేది. 1949లో అక్కడి గని కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు, వారి డిమాండ్లలో ఊపిరితిత్తులు పాడుచేసే దుమ్మును తగ్గించాలన్నదీ ఒకటి. ఆ ఖనిజాన్ని తమ దేశంలో వాడటం తగ్గించుకున్న తర్వాత కూడా, దశాబ్దాల పాటు మనవంటి దేశాలకు అమ్మారు; భారతదేశం వారి పెద్ద కొనుగోలుదారుల్లో ఒకటి. మన ఊళ్లలో ఇళ్ల మీద, పశువుల శాలల మీద ఉన్న సిమెంటు రేకుల్లో ఉన్నది ఆ రకం నారే. గని 2011 ప్రాంతంలో ఆగింది, 2018 చివర కెనడా ఆస్బెస్టాస్‌ను నిషేధించింది, 2020లో ఆ ఊరు ఓటు వేసి తన పేరును వాల్-డే-సూర్స్ అని మార్చుకుంది. కొత్త పెట్టుబడులు పాత పేరు చూసి వెనక్కి పోతున్నాయని వారి బాధ. మన రేకులు మాత్రం అలాగే ఉన్నాయి.

నిలదొక్కుకోని ఊళ్ల సంగతి కూడా మీ సమావేశంలో చెప్పండి. సస్కాచెవాన్‌లోని యురేనియం సిటీలో గనిని మూస్తున్నట్లు 1981 డిసెంబరులో ప్రకటించి, 1982 జూన్‌లో మూశారు. వేలల్లో ఉన్న జనం ఇప్పుడు వందలోపే. రోడ్డు మార్గం లేని చోట ఎన్ని బొమ్మలు వేసినా ఎవరు వస్తారు? క్వెబెక్‌లో గాన్యోన్ అనే ఇనుప ఖనిజం ఊరిని 1985లో మూసి, ఇళ్లు కూల్చివేశారు.


చంపావతి ఒడ్డు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. గోగునార అన్నగారు రాసిన లాకౌట్ విషయం చదివిన తర్వాత, మా ఊరి చర్చ ఇంతకాలం తలకిందులుగా సాగిందని అనిపిస్తున్నది. మూత ఎప్పుడో తేలకుండానే దాని తర్వాత ఏమి చేయాలో వాదించుకుంటున్నాము. అయినా ఒక సందేహం మిగిలింది. కింబర్లీ, టంబ్లర్ రిడ్జ్ వంటి ఊళ్లు పర్యాటకం మీద నిలబడ్డాయని కొన్నిచోట్ల చదివాను. అది ఎంతవరకు నిజం? మిల్లు స్థలం విషయంలో మేము మొదట ఏమి తెలుసుకోవాలి?


జవాబు
రాజాం వాసి, సడ్‌బరీ

కింబర్లీ వారు మంచు క్రీడలతోపాటు బజారుకు జర్మనీలోని బవేరియా వేషం వేశారు. కొయ్య బాల్కనీలు, పెద్ద గడియారం వగైరా. నాకు అది కాస్త ఎబ్బెట్టుగా అనిపించింది, కానీ ఊరికి కొన్నేళ్లు పనికివచ్చింది. అంతకంటే ఆసక్తికరమైనది 2015లో పాత గని శుద్ధి కర్మాగారం స్థలంలో ఊరే స్వయంగా పెట్టించిన సౌర విద్యుత్ కేంద్రం. సామర్థ్యం ఒక మెగావాట్‌కు కాస్త పైన, అంతే. నడపడం ఊరికి భారమై, కొన్నేళ్లకే దానిని గని కంపెనీకి అమ్మేశారు. పాడైన నేలను ఉపయోగంలోకి తేవచ్చని చూపించిన మాట వాస్తవం, ఉద్యోగాలు మాత్రం అందులో లేవు.

టంబ్లర్ రిడ్జ్ 1980ల ఆరంభంలో జపాన్ ఉక్కు మిల్లులకు బొగ్గు పంపడానికి కట్టిన ఊరు. 2000లో పెద్ద గని ఆగినప్పుడు ఖాళీ అయిన ఇళ్లను నగరాల ధరలతో పోలిస్తే నామమాత్రానికి అమ్మారు. అదే ఏడాది వాగులో ఆడుకుంటున్న ఇద్దరు పిల్లలకు డైనోసార్ల అడుగుజాడలు కనిపించాయి. వాటి ఆధారంగా మ్యూజియం వచ్చింది, 2014లో యునెస్కో జియోపార్క్ గుర్తింపూ వచ్చింది. అయితే మధ్యలో బొగ్గు ధర పెరిగి గనులు మళ్లీ తెరుచుకున్నాయి, 2014లో మళ్లీ ఆగాయి, 2016లో మళ్లీ మొదలయ్యాయి. అక్కడి జీతాల్లో పెద్ద భాగం నేటికీ బొగ్గుదే. డైనోసార్లు ఊరిని పోషించలేదు; బొగ్గు లేని ఏళ్లలో ఊరు పేరు చెరిగిపోకుండా కాపాడాయి. దానినీ తక్కువగా చూడలేను.


జవాబు
నాగావళి, శ్రీకాకుళం

మహిళా స్వయం సహాయక సంఘాల పనిలో ఉన్నదానిని. ఇక్కడ వచ్చిన ఉదాహరణల్లో నాకు లోటుగా కనిపించినది స్ట్రాట్‌ఫర్డ్. అంటారియోలోని ఆ ఊరు రైలు ఇంజన్ల మరమ్మతు షెడ్ల మీద బతికేది. డీజిల్ ఇంజన్లు రావడంతో ఆవిరి ఇంజన్ల పని తగ్గిపోతుందని అర్థమైన రోజుల్లో, టామ్ ప్యాటర్సన్ అనే స్థానిక పత్రికా రచయిత, ఊరి పేరు షేక్‌స్పియర్ పుట్టిన ఊరిదే కాబట్టి ఇక్కడ నాటకోత్సవం జరుపుదామన్నాడు. 1953 వేసవిలో పెద్ద గుడారం కింద మొదలైంది, 1957లో శాశ్వత రంగశాల వచ్చింది. షెడ్లు 1964లో మూతపడ్డాయి. అంటే పాతది పూర్తిగా పోవడానికి పదకొండేళ్ల ముందే కొత్తది నిలబడింది. అక్కడ నాటకమంటే వేదిక మీది నటులు మాత్రమే కాదు. దుస్తులు కుట్టేవారు, కొయ్యపనివారు, బూట్లు చేసేవారు, విగ్గులు అల్లేవారు ఏడాది పొడుగునా పనిలో ఉంటారు.

విజయనగరానికి 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు. ఉత్సవం చేయండని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఏటా మూడు రోజుల ఉత్సవం వల్ల ఏ కుటుంబానికీ అన్నం పుట్టదు. బొబ్బిలిలో వీణలు చేసే కుటుంబాలకు ఏడాదంతా గిరాకీ ఉండేలా, మిల్లు ఊరిలోని కుట్టుపని తెలిసిన మహిళలకు నార సంచుల ఆర్డర్లు క్రమంగా వచ్చేలా చేయగలిగితే అప్పుడు మాట్లాడవచ్చు. మా సంఘాలకు జనపనార చేతిసంచుల శిక్షణ ఎన్నోసార్లు ఇచ్చారు. శిక్షణ అయ్యాక కొనేవారు లేక యంత్రాల మీద గుడ్డ కప్పి ఉంచాము. మాష్టారు రాసిన న్యూఫౌండ్‌లాండ్ శిక్షణల సంగతి చదివి ఆశ్చర్యపోలేదు.


జవాబు
గోగునార, విజయనగరం

చంపావతి తమ్ముడూ, స్థలం గురించి అడిగావు. ఎలియట్ లేక్‌లో ఇళ్లు స్థానిక సంస్థ చేతికి వచ్చాయి కనుక ఆ ఊరికి బేరమాడే శక్తి దొరికింది. ఇక్కడ కూడా ముందు తేలవలసింది మిల్లు భూమి ఎవరిదన్నదే. అందులో ఎంత భాగం కొనుగోలు, ఎంత భాగం పరిశ్రమ కోసమని ప్రభుత్వం ఇచ్చింది, ఇచ్చినప్పుడు పెట్టిన షరతులేమిటి, బ్యాంకుల తాకట్టులో ఎంత ఉంది అనేవి ముందు కాగితం మీద చూడాలి. తహసీల్దారు కార్యాలయానికీ జిల్లా కలెక్టరు కార్యాలయానికీ 2005 సమాచార హక్కు చట్టం కింద విడివిడిగా దరఖాస్తులు పెట్టండి. పాత అడంగల్, కేటాయింపు ఉత్తర్వు, లీజు ఉంటే దాని నకలు అని స్పష్టంగా రాయాలి, లేకపోతే సమాచారం అందుబాటులో లేదని తిప్పి పంపుతారు. అదే సమయంలో కార్మిక శాఖ నుంచి లాకౌట్ ప్రకటన తేదీ, అప్పటి హాజరు పట్టీ తీసుకోండి. ప్లాట్ల బేరం మొదలైన తర్వాత పరిహారం అడిగితే ఎవరూ వినరు. బేరానికి ముందు కార్మికుల బకాయి మొత్తం లెక్కగట్టి ఉంటే, కొనేవాడే ఆ లెక్క తేలాలని యాజమాన్యాన్ని అడుగుతాడు. హాజరు పట్టీలు చదవడం, సర్వీసు లెక్కకట్టడం తెలిసిన పాత టైమ్ ఆఫీసు గుమాస్తాలు మీ ఊరిలో ఇంకా కొందరు ఉండి ఉంటారు, వారిని కమిటీలో చేర్చుకోండి.